మాడిసన్‌లోనే ఉండిపోవాలా, టాంపా వైపు వెళ్ళిపోవాలా?

సరస్సుపక్కన · ఫిబ్రవరి 9, 2025

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

2013లో ఎమ్మెస్ కోసం విస్కాన్సిన్ యూనివర్సిటీకి వచ్చాను. చదువయ్యాక ఉద్యోగం కూడా మాడిసన్‌లోనే దొరికింది. 2016 జనవరిలో మా ఆవిడ ఎనిమిది నెలల పాపతో ఇక్కడ దిగింది. ఎయిర్‌పోర్ట్ తలుపు దాటగానే ఆ గాలికి పాప ఉక్కిరిబిక్కిరై ముఖం నా కోటులో దాచేసుకుంది. ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతి. బాబు ఇక్కడే పుట్టాడు, వాడికి ఆరేళ్ళు. సొంత ఇల్లుంది. 2021లో ఇంటి లోన్‌ని తక్కువ వడ్డీకి మార్చి రీఫైనాన్స్ చేసుకున్నాం, వడ్డీ మూడు శాతం.

ఇప్పుడు మా కంపెనీవాళ్ళు ఫ్లోరిడాలోని టాంపా ఆఫీసులో ఖాళీ ఉంది, వెళ్తావా అని అడుగుతున్నారు. జీతం ఇదే. ఆగస్టు ఆఖరులోగా చెప్పమన్నారు.

ఈ ఊరంటే నాకు ప్రాణం. రెండు సరస్సుల మధ్య సన్నటి నేల, దాని మీద ఊరు, నడిమధ్య కాపిటల్ గుమ్మటం. జూన్ సాయంత్రం యూనివర్సిటీవాళ్ళ యూనియన్ టెర్రస్‌లో రంగుల కుర్చీ లాక్కుని కూచుంటే, మెండోటా సరస్సు నీళ్ళ మీద పొద్దు గుంకేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. కానీ డిసెంబర్‌లో అదే పొద్దు నాలుగున్నరకల్లా వెళ్ళిపోతుంది.

మా ఆవిడ కరివేపాకు మొక్కని అక్టోబర్‌లో లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెడుతుంది. సంక్రాంతికల్లా ఆకంతా రాలిపోయి పుల్ల మిగులుతుంది. మొన్న పొద్దున చూస్తే, ఆ పుల్ల మీద గోటితో కొద్దిగా గీరి, బెరడు కింద పచ్చగా ఉందో లేదో చూస్తోంది. పచ్చగానే ఉంది. అయినా కళ్ళు తుడుచుకుంది. అది చూశాకే ఇక్కడ రాయాలనిపించింది.

రెండు చోట్లా ఉన్నవాళ్ళు ఉంటే చెప్పండి. వెళ్ళమంటారా?

అఖాతంగట్టు · ఫిబ్రవరి 9, 2025

వచ్చేయండి అన్నా. మేం మినియాపొలిస్‌లో ఏడు చలికాలాలు చూసి 2017లో టాంపా వచ్చాం. ఇప్పుడు ఫిబ్రవరి, నేను టీషర్ట్‌తో వరండాలో కూచుని ఇది టైప్ చేస్తున్నాను. మా అమ్మానాన్న నవంబర్‌లో వచ్చి ఏప్రిల్‌లో వెళ్తారు. పొద్దున ఆరున్నరకి నాన్న వాకింగ్‌కి వెళ్తారు, దారిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కలుస్తారు. మినియాపొలిస్‌లో ఉన్నప్పుడు ఆయన్ని షాపింగ్ మాల్‌లో దింపి, అక్కడే మూడు రౌండ్లు తిరగమనేవాణ్ణి.

స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. అదొక్కటే చాలు.

లెక్కలక్క · ఫిబ్రవరి 10, 2025

అదొక్కటే చాలదు తమ్ముడూ. నేను పదకొండేళ్ళుగా ఇళ్ళ ఇన్సూరెన్స్ పనిలో ఉన్నాను, ఫ్లోరిడాలోనే ఉంటాను. ఈ మాట విని వచ్చి తర్వాత ఇబ్బంది పడ్డవాళ్ళని రోజూ చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ట్యాక్స్ సంగతి. విస్కాన్సిన్‌లో లక్షా ముప్ఫై వేల డాలర్ల ఆదాయం ఉన్న భార్యాభర్తలు స్టేట్‌కి కట్టేది సుమారు ఆరు వేలు. అంటే నెలకి ఐదు వందలు మిగులుతాయి. ఇప్పుడు లోన్ చూడండి. మూడు లక్షల అప్పుకి ముప్ఫై ఏళ్ళకి, మూడు శాతం వడ్డీ అయితే నెలకి 1,265. అదే ఏడు శాతం అయితే 1,996. తేడా ఏడు వందల ముప్ఫై. అక్కడ ఇల్లు అమ్మి ఇక్కడ కొన్న రోజునే ట్యాక్స్‌లో మిగిలింది పోయింది, పైన ఇంకొంత చేతి నుంచి పడింది.

ఇన్సూరెన్స్ అంటే అందరూ ప్రీమియం ఒక్కటే అడుగుతారు. హరికేన్ డిడక్టిబుల్ వేరే ఉంటుంది. అది మామూలుగా ఇంటి ఇన్సూరెన్స్ విలువలో రెండు శాతం. నాలుగు లక్షల ఇంటికి పైకప్పు లేచిపోతే మొదటి ఎనిమిది వేలు మీవే. పైకప్పు వయసు పదిహేనేళ్ళు దాటితే చాలా కంపెనీలు ముఖం తిప్పుకుంటాయి. ఇల్లు చూడ్డానికి వెళ్తే వంటగది గ్రానైట్ కంటే ముందు రూఫ్ ఎప్పుడు వేశారో అడగండి.

మామూలు హోమ్ పాలసీ వరదకి పైసా ఇవ్వదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. ఫెడరల్ పథకంలో ఇంటికి రెండున్నర లక్షలు, సామాన్లకి లక్ష, అంతకు మించి రాదు. తుఫాను టీవీలో కనిపించాక కొందామంటే కుదరదు, ఇల్లు కొనేటప్పుడు లోన్‌తో పాటు తీసుకుంటే తప్ప ముప్ఫై రోజులు ఆగాలి.

ఇంకొకటి. అమ్మేవాళ్ళు కడుతున్న ప్రాపర్టీ ట్యాక్స్ చూసి మురిసిపోకండి. సొంతంగా ఉండే ఇంటికి ఇక్కడ ఏటా లెక్కగట్టే విలువ మూడు శాతానికి మించి పెరగకుండా పరిమితి ఉంది. వాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఉంటే ఆ బిల్లు చిన్నదిగానే ఉంటుంది. మీరు కొన్న మరుసటి ఏడాది మళ్ళీ మార్కెట్ రేటుకి లెక్క కడతారు. ఆ బిల్లు చూసి ఏడ్చిన వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. వాళ్ళ గొంతు నాకింకా గుర్తుంటుంది.

రావద్దని కాదు. ఒక ఏడాది అద్దెకి ఉండండి. ఇల్లు మాత్రం అమ్మకండి.

అఖాతంగట్టు · ఫిబ్రవరి 10, 2025

అక్కా, మీరు చెప్పింది నిజమే. నేను తుఫాను సంగతి రాయలేదు, రాయాల్సింది.

2024 సెప్టెంబర్ 26న హెలీన్ తుఫాను. అది వంద మైళ్ళకు పైగా ఎగువన తీరం దాటింది, అయినా టాంపా బే నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయి. బీచ్ దగ్గర ఉండే మా కొలీగ్ ఇంట్లో ఛాతీ దాకా నీళ్ళు. వాళ్ళు తడిసిన సోఫాలు, పరుపులు, గోడల్లోంచి పీకేసిన షీట్‌రాక్ పలకలు రోడ్డు పక్కన పోశారు. అది ఇంకా ఎత్తకముందే, పదమూడు రోజులకి, అక్టోబర్ 9న మిల్టన్. ఆ చెత్తే మళ్ళీ గాలికి లేచి ఇళ్ళ మీద పడుతుందేమోనని అందరికీ భయం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ స్టేడియం పైకప్పు చీలికలైపోయింది. ఊళ్ళో పద్దెనిమిది అంగుళాల వాన. మాకు ఐదు రోజులు కరెంటు లేదు.

మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు. ఎందుకంటే మేం వెస్లీ చాపెల్ వైపు, లోపలికి ఉంటాం. తెలుగువాళ్ళు చాలామంది అక్కడా, న్యూ టాంపాలోనే ఉంటారు. అదీ చెప్పాలి. "సముద్రం దగ్గరికి వెళ్తున్నాం" అని వస్తారు గానీ మా ఇంటి నుంచి బీచ్‌కి శనివారం ట్రాఫిక్‌లో గంట పైనే. నెలకి ఒకసారి వెళ్తే గొప్ప.

మంచుబూట్లు · ఫిబ్రవరి 11, 2025

సరస్సుపక్కన గారూ, నేను మీ ఊళ్ళోనే పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. మీరు వెళ్ళిపోతానంటే బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను.

చలి నిజం. 2019 జనవరి ఆఖరులో మైనస్ 25 ఫారెన్‌హీట్ దాటిన రోజులు నాకు గుర్తున్నాయి. పోస్ట్ కూడా రాలేదు, యూనివర్సిటీ కూడా మూసేశారు. కొళాయి సన్నగా వదిలి పడుకున్నాం, పైపులు పగలకుండా. కానీ అంత చలి చాలా అరుదు. మిగతా చలికాలం బయటికి వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది, ఇంట్లో కూచున్నవాళ్ళకే కష్టం.

ఒక్క సంగతి చెప్తాను. జనవరిలో ఏ ఆదివారమైనా పిల్లల్ని తీసుకుని ఓల్‌బ్రిచ్ తోటకి వెళ్ళండి. అక్కడ బోల్జ్ అని గాజు పిరమిడ్ ఉంది, లోపల ఉష్ణమండలపు మొక్కలు. బయట సున్నా. తలుపు తీయగానే కళ్ళద్దాలు మొత్తం తెల్లగా మసకబారి ఏమీ కనబడదు. అవి తుడుచుకునే లోపే తడిమట్టి వాసన, ఆకుల వాసన. ఆ వాసన నేను మా ఊరి అరటితోటలో పీల్చిందే. మా అబ్బాయి చిన్నప్పుడు అక్కడ బెంచీ మీద పడుకుని నిద్రపోయేవాడు.

పిల్లల సంగతి ఆలోచించండి. విలాస్ జూకి టికెట్ లేదు. లైబ్రరీలు బ్రహ్మాండం. బుధవారం రాత్రి యూనివర్సిటీలో సైన్స్ లెక్చర్లు ఊళ్ళో ఎవరైనా వెళ్ళి వినొచ్చు, మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి వెళ్ళింది. ఇప్పుడు అదే యూనివర్సిటీలో బయాలజీ చదువుతోంది. స్టేట్ రెసిడెంట్‌కి ట్యూషన్ ఏడాదికి పదకొండు వేల పైచిలుకు. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళకి నలభై వేలు దాటింది. ఇప్పుడు వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళ తర్వాత పాప "నాన్నా, నేను మాడిసన్‌లోనే చదువుతా" అంటే ఆ తేడా మీరే కట్టాలి.

అఖాతంగట్టు · ఫిబ్రవరి 11, 2025

ఫ్లోరిడాలోనూ మంచి స్టేట్ యూనివర్సిటీలు ఉన్నాయండీ, ట్యూషన్ ఏడాదికి ఆరున్నర వేల లోపే. మార్కులు బాగుంటే బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్‌తో అది కూడా పోతుంది.

ప్రయారిటీడేట్ · ఫిబ్రవరి 11, 2025

ఆగండి. బ్రైట్ ఫ్యూచర్స్‌కి సిటిజన్ అన్నా అయి ఉండాలి, గ్రీన్‌కార్డ్ లాంటిదన్నా ఉండాలి. ఈయన పాప ఇండియాలో పుట్టింది, అంటే హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద ఉండి ఉంటుంది. బాబుకి వస్తుంది, పాపకి రాదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకి రెండు రూల్స్, మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ.

ఇందాకటి నుంచీ అందరూ ఎండ, చలి మాట్లాడుతున్నారు గానీ అసలు అడగాల్సింది వీసా. సరస్సుపక్కన గారూ, మీ ఐ-140, అదే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయిందా? గ్రీన్‌కార్డ్ క్యూలో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్ ఏ సంవత్సరం?

అప్రూవ్ అయి ఉంటే భయం లేదు, మీ డేట్ మీతోనే వస్తుంది. కానీ పెర్మ్ అనేది, అంటే ఐ-140 కంటే ముందు లేబర్ శాఖ నుంచి తెచ్చుకునే సర్టిఫికెట్, ఊరితో ముడిపడిన కాగితం. మాడిసన్ ఉద్యోగానికి చేసిన పెర్మ్ టాంపా ఉద్యోగానికి పనికిరాదు. కంపెనీ మళ్ళీ ప్రకటన దగ్గర నుంచి మొదలుపెట్టి కొత్త పెర్మ్, కొత్త ఐ-140 చెయ్యాలి. హెచ్1బీ కూడా, కొత్త ఊళ్ళో మొదటి రోజు పనికి కూచునే ముందే అమెండ్‌మెంట్ వేసి ఉండాలి. వీటన్నిటికీ ఖర్చు పెట్టుకుని మళ్ళీ చేస్తామని కంపెనీతో ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు. నేను 2018లో నోటిమాట నమ్మి ఊరు మారాను. మేనేజర్ మారిపోయాడు, రెండేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆ రెండేళ్ళు నాకు సరిగా నిద్రలేదు.

సరస్సుపక్కన · ఫిబ్రవరి 12, 2025

ఐ-140 అప్రూవ్ అయింది, డేట్ 2017. మా కేటగిరీ ఈబీ2లో ఇండియావాళ్ళ క్యూ ఇంకా 2012 డేట్ల దగ్గరే ఉంది కాబట్టి మా పాపకి ఇరవై ఒకటి వచ్చేలోగా గ్రీన్‌కార్డ్ వస్తుందో రాదో తెలియదు, ఆ వయసు దాటితే మాతో పాటు లెక్కలోకి రాదు. ఆ టెన్షన్ ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే. మా ఆవిడకి హెచ్4 మీద పని చేసుకునే అనుమతి, ఈఏడీ ఉంది, ఇంటి నుంచే పని చేస్తుంది.

లెక్కలక్క గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఇల్లు అమ్మను.

వంటింటికిటికీ · ఫిబ్రవరి 13, 2025

అన్నయ్యా, అన్నీ చదివాను. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వెళ్ళాలా వద్దా అని ఇక్కడ ఇంతమందిని అడిగారు. వదినని అడిగారా?

నేను మాడిసన్‌లో ఆరేళ్ళు ఉన్నాను. మావారు పొద్దున లేచి ఆఫీసుకి వెళ్ళేవారు. అక్కడ మనుషులు, కాఫీ, లంచ్, నవ్వులు. ఆయనకి చలి అంటే పార్కింగ్ నుంచి తలుపు దాకా నడిచే మూడు నిమిషాలు. నాకు చలి అంటే నవంబర్ నుంచి మార్చి దాకా అదే కిటికీ. పిల్లలకి లోపలి ప్యాంటు, పై ప్యాంటు, గ్లవ్స్, టోపీ, బూట్లు, అన్నీ తొడిగేసరికి ఇరవై నిమిషాలు. అన్నీ తొడిగాక చిన్నది "బాత్రూమ్" అంటుంది. రెండో ఏడాదికి నేను బయటికి తీసుకెళ్ళడమే మానేశాను. ఒకే ఇంట్లో ఉన్నా మా ఇద్దరివీ వేరువేరు చలికాలాలు. ఆయన వెళ్దామన్నప్పుడు నేను వద్దన్నాను, నేను వెళ్దామన్నప్పుడు ఆయన వద్దన్నారు, మొత్తానికి ఎవరూ ఎవర్నీ సరిగ్గా అడగలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే విటమిన్ డీ బాగా తక్కువగా ఉందన్నారు. పదివేల లక్స్ లైట్ బాక్స్ కొనుక్కోమన్నారు, పొద్దున్నే అరగంట దాని ముందు కూచోవాలి. నేను ఇడ్లీ పిండి రుబ్బుకుంటూ పక్కన పెట్టుకునేదాన్ని. నాలుగో వారానికి తేడా తెలిసింది. ఊరు మారినా మారకపోయినా వదినకి ఈ వారమే ఒకటి కొనివ్వండి, డాక్టర్‌తో కూడా మాట్లాడించండి. బెరడు గీరి చూసి ఏడ్చిందంటే ఆమె మొక్క కోసం ఏడవలేదు.

మంచుబూట్లు · ఫిబ్రవరి 13, 2025

చెల్లెమ్మా, నువ్వు రాసింది చదివి కాసేపు అలాగే కూచున్నాను. "ఇంట్లో కూచున్నవాళ్ళకే కష్టం" అని పైన తేలిగ్గా రాసేశాను. మా ఇంట్లో ఇరవై నిమిషాలు బూట్లు తొడిగింది నేను కాదు. ఈ రాత్రి మా ఆవిడని అడుగుతాను.

సరస్సుపక్కన · ఫిబ్రవరి 16, 2025

అడిగాను. శనివారం పిల్లలు పడుకున్నాక రెండు గంటలు మాట్లాడుకున్నాం. పదేళ్ళలో ఎప్పుడూ ఇంతసేపు ఈ విషయం మీద మాట్లాడలేదు.

తను చెప్పింది నేను ఊహించింది కాదు. చలి కాదట. 2018 డిసెంబర్‌లో బెల్ట్‌లైన్ హైవేలో బ్లాక్ ఐస్ మీద, అంటే రోడ్డు మీద కంటికి కనబడని పల్చటి మంచుపొర మీద, కారు రెండు చుట్లు తిరిగి డివైడర్‌కి అరడుగు దూరంలో ఆగింది. వెనక సీట్లో పాప. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు నేను "ఏం కాలేదుగా, పోనీలే" అన్నానట. నాకు ఆ మాట గుర్తే లేదు. ఆ రోజు నుంచి మంచు పడితే తను స్టీరింగ్ ముట్టుకోలేదు. అంటే ఆరేళ్ళకు పైగా, ఏడాదిలో నాలుగైదు నెలలు, సరుకులకైనా, డాన్స్ క్లాసుకైనా, స్నేహితురాలింటికైనా నా కోసం ఎదురుచూసింది. నేను ఆఫీసు నుంచి ఎప్పుడొస్తే అప్పుడు. తను ఒక్కసారి కూడా విసుక్కోలేదు కాబట్టి నేను అది గమనించలేదు.

లైట్ బాక్స్ ఆర్డర్ పెట్టాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ మంగళవారం.

రెండుమైళ్ళు · ఫిబ్రవరి 17, 2025

వింటర్ టైర్లు వేయించారా? ఆల్ సీజన్ టైర్లతో పదేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళు మనవాళ్ళలో చాలామంది. రబ్బరే వేరు, చలికి గట్టిపడదు. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌లో, మంచు పడ్డాక, పక్కన కూచుని బ్రేకులు కొట్టించండి. బండి జారడం, మళ్ళీ పట్టుకోవడం చేతికి తెలియాలి. మా చెల్లికి అలాగే నేర్పాను.

నడిమధ్య · ఫిబ్రవరి 20, 2025

ర్యాలీ, డర్హమ్ వైపు ఎవరూ మాట్లాడలేదేం? మూడు యూనివర్సిటీల ప్రాంతం, చలి తక్కువ, సముద్రం రెండున్నర గంటలు. తెలుగువాళ్ళు కావల్సినంత మంది.

సరస్సుపక్కన · ఫిబ్రవరి 20, 2025

మంచి ఊరే, కానీ మా కంపెనీకి అక్కడ ఆఫీసు లేదండీ.

చెమటచొక్కా · మార్చి 2, 2025

ఆలస్యంగా చూశాను. టాంపాలో నాలుగేళ్ళు. అందరూ మిమ్మల్ని మార్చిలో వచ్చి చూడమంటారు, ఆ తప్పు మాత్రం చెయ్యకండి. మార్చిలో ఇక్కడికి ఎవరొచ్చినా ఇల్లు కొనేస్తారు.

ఆగస్టులో రండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజూ తొంభై ఫారెన్‌హీట్, గాలిలో నీళ్ళు. పొద్దున తొమ్మిది దాటితే పార్కులో జారుడుబల్ల ముట్టుకోలేం. మధ్యాహ్నం మూడింటికి ఉరుములు, మెరుపులు, స్విమ్మింగ్ పూల్ ఖాళీ చేయిస్తారు. మీకు జనవరి ఎలాగో మాకు ఆగస్టు అలాగ, మేమూ కిటికీలోంచే చూస్తాం. కొన్ని ఏళ్ళు రెడ్ టైడ్, అంటే సముద్రంలో విషపు నాచు, వస్తుంది. బీచ్ అంతా చచ్చిన చేపలు, గొంతులో మంట. 2018లో నెలల తరబడి ఉంది.

ఇంకో లాభం ఉంది. విస్కాన్సిన్‌లో గవర్నమెంటు బళ్ళు సెప్టెంబర్ 1కి ముందు తెరవరు కదా, ఇక్కడ ఆగస్టు రెండో వారంలోనే తెరుస్తారు. మీ పిల్లలకి సెలవు ఉండగానే ఇక్కడి బడి నడిచే తీరు చూడొచ్చు. పొద్దున కార్ల లైన్ ఎంత పొడుగుందో, మధ్యాహ్నం పిల్లలు ఎలా బయటికొస్తున్నారో గేటు దగ్గర నిలబడి చూడండి. అద్దె ఇల్లు చూసేటప్పుడు రెండు మ్యాపులు చూడండి. ఫ్లడ్ జోన్ వేరు, ఎవాక్యుయేషన్ జోన్ వేరు. మొదటిది ఇన్సూరెన్స్‌కి, రెండోది ఎప్పుడు ఊరు వదిలి వెళ్ళాలో చెప్పడానికి. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

లెక్కలక్క · మార్చి 2, 2025

ఈ సలహాకి నా ఓటు. ఆగస్టు.

మంచుబూట్లు · జూన్ 14, 2025

సరస్సుపక్కన గారూ, ఏమైంది? ఈ రోజు పొద్దున కాపిటల్ చుట్టూ రైతుబజారులో మిమ్మల్నే చూశాననుకుంటా, పక్కన మీ ఆవిడ ముల్లంగి కట్ట పట్టుకుని ఉన్నారు. పలకరిద్దామనుకునే లోపు జనంలో కలిసిపోయారు.

ఈ వేసవి చూశాక కూడా వెళ్తారా అని అడగాలనుంది. నా స్వార్థం కొద్దీ అడుగుతున్నాను.

సరస్సుపక్కన · జూన్ 15, 2025

మేమేనండీ. ఆగస్టు 9కి టికెట్లు తీసుకున్నాం, ఎనిమిది రోజులు. కంపెనీ పెర్మ్ సంగతి ఈమెయిల్‌లో రాసిచ్చింది, ప్రయారిటీడేట్ గారికి కృతజ్ఞతలు.

సరస్సుపక్కన · ఆగస్టు 20, 2025

నమస్తే. నేను సరస్సుపక్కన గారి భార్యని. ఆయన అకౌంట్‌లోంచే రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మీరు రాసినవన్నీ ఆయన నాకు చదివి వినిపించారు. వంటింటికిటికీ గారూ, మిమ్మల్ని ఎప్పుడైనా చూస్తే చేతులు పట్టుకోవాలనుంది. లైట్ వల్ల మార్చి బాగా గడిచింది.

టాంపా వెళ్ళొచ్చాం. చెమటచొక్కా గారు చెప్పింది అక్షరాలా నిజం. మూడో రోజు మధ్యాహ్నం పార్కింగ్‌లో కారు తలుపు తీస్తే సీటుబెల్ట్ బకిల్ తగిలి బాబు చెయ్యి ఎర్రబడింది. నాలుగు రోజులు సాయంత్రం మెరుపులకి గదిలోనే ఉన్నాం. ఆయన నా ముఖం చూస్తూనే ఉన్నారు, ఎప్పుడు వద్దంటానా అని.

మాది కాకినాడ. ఉక్కపోత నాకు కొత్త కాదు. తుఫాను కూడా కొత్త కాదు, చిన్నప్పుడు రెండుసార్లు మా వీధంతా మేడ ఉన్న వాళ్ళింట్లో పడుకున్నాం. భయం లేదని కాదు, కానీ తుఫాను వారం ముందే కబురు చేసి వస్తుంది. బ్లాక్ ఐస్ కనబడదు.

ఎనిమిది రోజుల్లో ఎనిమిది రోజులూ కారు నేనే నడిపాను. మొదటి రోజు ఎయిర్‌పోర్ట్‌లో అద్దె కారు తాళం ఆయన నా చేతికిచ్చి తను పక్క సీట్లో కూచున్నారు. సరుకులకి వెళ్ళాను, బడి చూడ్డానికి వెళ్ళాను, ఒక రోజు పొద్దున ఆరింటికి ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళి టీ తెచ్చుకున్నాను. జనవరిలో కూడా ఇలాగే వెళ్ళొచ్చు కదా అనిపించింది. అదే నాకు కావాల్సింది.

వెళ్దామని చెప్పింది నేనే. వచ్చే జూన్‌లో, బడి అయిపోయాక. కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. ఇక్కడి ఇల్లు అద్దెకిస్తాం, అక్కడ న్యూ టాంపాలో ఏడాది అద్దెకి ఉంటాం, రెండు మ్యాపులూ చూసే తీసుకుంటాం. ఈ చలికాలం వింటర్ టైర్లు వేయించుకుని పార్కింగ్ లాట్‌లో నేర్చుకుంటాను. వెళ్ళిపోతున్నాం కదా అని వదిలేయను, ఇక్కడ ఉన్న ఈ ఒక్క చలికాలమైనా నేనే నడుపుతాను.

పాప మాత్రం మూడు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. తన స్నేహితురాలితో కలిసి సరస్సు మీద స్కేటింగ్ చేసే ఊరు వదిలేయమంటున్నాం. దానికి నా దగ్గర జవాబు లేదు. మంచుబూట్లు గారూ, జనవరిలో మీ ఇంటిల్లిపాదీ, మేమూ కలిసి ఆ గాజు పిరమిడ్‌కి వెళ్దామా? ఇన్నేళ్ళున్నా నేనెప్పుడూ చూడలేదు.

అఖాతంగట్టు · ఆగస్టు 20, 2025

వదినగారూ, స్వాగతం. సామాన్లు దింపే రోజు మా ఇంట్లోనే భోజనం.

ఒక్కటి, కరివేపాకు మొక్కని వెంట తేవద్దు. 2005 నుంచి ఇక్కడ నారింజ తోటల్ని సిట్రస్ గ్రీనింగ్ తెగులు తినేసింది. దాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే ఈ మొక్కలు రాష్ట్రాలు దాటించడం మీద ఆంక్షలున్నాయి. ఇక్కడే నర్సరీలో తీసుకుని నేలలో పెడదాం.

సరస్సుపక్కన · ఆగస్టు 21, 2025

మళ్ళీ నేనేనండీ, ఆయన కాదు. అయితే మా మొక్కని మాడిసన్‌లో ఎవరైనా తీసుకుంటారా? ఇవ్వడం జూన్‌లోనే. ఎనిమిదేళ్ళ మొక్క, ఇప్పుడు నడుం దాకా ఉంది, నిండా ఆకు. అక్టోబర్ మొదటి వారం దాటనివ్వకుండా లోపలికి తేవాలి. చలికాలం నీళ్ళు పది రోజులకి ఒకసారి చాలు. ఆకంతా రాలితే పారెయ్యకండి, గోటితో కొంచెం గీరి చూడండి.

మంచుబూట్లు · ఆగస్టు 21, 2025

మాకివ్వండమ్మా. మా ఇంట్లో దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. మా ఆవిడ ఇప్పుడే వెళ్ళి దాని ముందున్న బల్ల జరిపింది.